ప్లగిన్ రాయబోతున్నారా? లైసెన్స్ సంగతి ముందే తేల్చుకోవడం ఎలా

ప్లగిన్ రాసేవాళ్లలో చాలామంది లైసెన్స్ గురించి ఆలోచించేది ఆఖర్లో. పనంతా అయిపోయి, అప్‌లోడ్ పేజీలో ‘లైసెన్స్’ అన్న గడి కనబడ్డాక ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు వెళ్లిపోతారు. ప్లగిన్ విషయంలో ఇది తలకిందుల పద్ధతి. ఏ లైసెన్స్ పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్నది మీ కోడ్ హోస్ట్ ప్రోగ్రామ్‌తో ఎలా మాట్లాడుతుందో దాన్నిబట్టి ఉంటుంది. అది డిజైన్ చేసిన రోజునే దాదాపు ఖరారైపోతుంది. తర్వాత మార్చాలంటే సగం కోడ్ తిరగరాయాల్సి వస్తుంది.

హోస్ట్ అంటే వర్డ్‌ప్రెస్, బ్లెండర్, గింప్, లినక్స్ కెర్నెల్, జీసీసీ లాంటి అసలు ప్రోగ్రామ్. ప్లగిన్ అంటే దానికి తగిలించే యాడాన్, మాడ్యూల్, ఎక్స్‌టెన్షన్, పేరేదైనా సరే. హోస్ట్ ఎంఐటీ, బీఎస్‌డీ లాంటి సడలింపు లైసెన్స్‌లో ఉంటే పెద్ద చిక్కు లేదు: ప్లగిన్‌కి మీకు నచ్చిన లైసెన్స్ పెట్టుకోండి, హోస్ట్ నుంచి కోడ్ ఏమైనా తీసుకుంటే దాని కాపీరైట్ నోటీసు మాత్రం తీసేయకండి. కష్టమంతా జీపీఎల్ దగ్గరే: ఆ కోడ్‌నీ, దాన్నుంచి పుట్టిన రచననీ పంచితే సోర్స్ (మనుషులు చదివి మార్చుకోగల అసలు కోడ్) ఇచ్చి, జీపీఎల్ షరతుల మీదే పంచాలంటుంది ఆ లైసెన్స్. అందుకే ఈ మెట్లన్నీ ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: మీ ప్లగిన్ ఎవరి చేతికి వెళ్తుందో రాసుకోండి

జీపీఎల్ షరతులు మొదలయ్యేది కోడ్ ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడే. ప్రోగ్రామ్‌ని నడుపుకోవడానికి, మీ అవసరానికి మార్చుకోవడానికి, దానికో ప్లగిన్ తగిలించి మీ మెషీన్లోనే వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక సంస్థ తన లోపలి వాడకానికి రాసుకుని తన దగ్గరే ఉంచుకున్నా అంతే.

క్లయింట్‌కి ఇస్తే మాత్రం అది పంపిణీ కిందే లెక్క. ఇక్కడ రెండు వైపులా అపోహలున్నాయి. ‘ఒక్కరికే ఇచ్చాం కదా, జీపీఎల్ వర్తించదు’ అనేది ఒకటి, ‘జీపీఎల్ అయితే సోర్స్ లోకానికంతా పెట్టాలి’ అనేది ఇంకొకటి. రెండూ తప్పే. ప్లగిన్ ఎవరికి ఇచ్చారో వాళ్లకు సోర్స్, దాంతోపాటు జీపీఎల్ హక్కులు రావాలి. నెట్‌లో పెట్టాల్సిన పని మీకు లేదు. అయితే తీసుకున్నవాళ్లు పెట్టుకుంటానంటే అడ్డుకునే హక్కు కూడా మీకు ఉండదు.

హోస్ట్ ఏజీపీఎల్‌లో (సర్వర్ వాడకానికి కూడా వర్తించే జీపీఎల్ రకం) ఉంటే లెక్క మారుతుంది. దాన్ని మార్చి సర్వర్‌లో పెట్టి, జనం నెట్‌వర్క్ మీదుగా వాడుకునేలా చేస్తే, కాపీ ఎవరికీ ఇవ్వకపోయినా ఆ వాడేవాళ్లకు సోర్స్ అందుబాటులో ఉంచాలి.

రెండో మెట్టు: హోస్ట్ లైసెన్స్ ఫైల్ తెరిచి చదవండి

‘అది జీపీఎల్ అంట’ అన్న మాట సరిపోదు. సోర్స్ ఫోల్డర్‌లో ఉండే లైసెన్స్ ఫైల్, దాంతోపాటు రెండు మూడు సోర్స్ ఫైళ్ల తలభాగం తెరవండి. చూడాల్సింది మూడు సంగతులు.

మొదటిది వెర్షన్. జీపీఎల్ 2 వచ్చింది 1991లో, జీపీఎల్ 3 వచ్చింది 2007లో. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ‘2 మాత్రమే’ అన్న కోడ్‌నీ, ‘3’ అన్న కోడ్‌నీ ఒకే ప్రోగ్రామ్‌గా కలిపి పంచడం కుదరదు.

రెండోది ‘లేదా ఆ తర్వాతి వెర్షన్’ అన్న చిన్న ముక్క. వర్డ్‌ప్రెస్‌కి ఇది ఉంది, లినక్స్ కెర్నెల్‌కి లేదు. ఈ నాలుగు మాటలతో ఎంత తేడా వస్తుందో చూడండి: అపాచీ 2.0 లైసెన్స్ జీపీఎల్ 3తో కలుస్తుంది, జీపీఎల్ 2తో కలవదు అని జీపీఎల్‌ను రాసిన సంస్థ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అంటుంది. కాబట్టి వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో అపాచీ లైబ్రరీ వాడుకోవాలంటే ‘3వ వెర్షన్ ప్రకారం పంచుతున్నాం’ అనే దారి ఉంది. కెర్నెల్ మాడ్యూల్ రాసేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

మూడోది మినహాయింపులు. అసలు ఆట ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ 2 అయినా, సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నెల్ సేవలు వాడుకునే మామూలు ప్రోగ్రాములు దాన్నుంచి పుట్టిన రచనల కిందికి రావని దాని లైసెన్స్‌తోనే రాసిపెట్టారు. రిథమ్‌బాక్స్ మ్యూజిక్ ప్లేయర్ కూడా జీపీఎలే. కానీ జీపీఎల్‌తో కలవని జీస్ట్రీమర్ (ఆడియో, వీడియో ఆడించే ఫ్రేమ్‌వర్క్) ప్లగిన్లను తమ ప్రోగ్రామ్‌తో కలిపి పంచవచ్చని దాని రచయితలు విడిగా అనుమతి ఇచ్చారు. ఇలాంటి పేరా ఒక్కటి కనబడిందంటే మీ ప్రశ్న అక్కడితో తీరిపోవచ్చు. కనబడలేదంటే ఉందనుకుని ముందుకు వెళ్లకండి.

మూడో మెట్టు: రెండింటి మధ్య అతుకు ఎక్కడుందో చూడండి

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతా మెట్లన్నీ దీనిమీదే నిలబడతాయి.

జీపీఎల్‌లో ప్లగిన్ల కోసమని విడిగా సెక్షన్ లేదు. ప్లగిన్, హోస్ట్ కలిసి ఒకే రచన అవుతాయా, రెండు వేర్వేరు రచనలా అన్నది చివరికి కాపీరైట్ చట్టం తేల్చాల్సిన విషయం. ఆ చట్టం దేశానికో రకంగా ఉంటుంది. అయితే జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన అభిప్రాయాన్ని బహిరంగంగా చెప్పింది, చాలా ప్రాజెక్టులు దాన్నే పాటిస్తున్నాయి. దాని సారం ఇది.

హోస్ట్ మీ ప్లగిన్‌ని తన మెమరీలోకే లోడ్ చేసుకుని, ఇద్దరూ ఒకరి ఫంక్షన్లను ఒకరు పిలుచుకుంటూ, డేటా స్ట్రక్చర్లు పంచుకుంటుంటే, రెండూ కలిసి ఒకే ప్రోగ్రామ్. ఆ లింక్ కంపైల్ అయ్యేటప్పుడు పడిందా, నడుస్తున్నప్పుడు పడిందా అన్నది వాళ్ల దృష్టిలో తేడా తేదు. ‘డైనమిక్ లింకే కదా, పర్వాలేదు’ అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు.

హోస్ట్ మీ ప్రోగ్రామ్‌ని విడి ప్రాసెస్‌గా మొదలుపెట్టి, కమాండ్ లైన్‌లో నాలుగు మాటలు చెప్పి, పైప్ ద్వారానో సాకెట్ ద్వారానో ఫలితం తీసుకుంటుంటే, మామూలుగా అవి రెండు ప్రోగ్రాములు. కానీ ప్రాసెస్ వేరు అన్నంత మాత్రాన పని అయిపోదు. ఆ పైప్ గుండా హోస్ట్ లోపలి క్లిష్టమైన డేటా స్ట్రక్చర్లను అటూ ఇటూ పంపుకుంటూ ఉంటే మళ్లీ ఒకే ప్రోగ్రామ్ అనే వాదనకు బలం వస్తుంది.

మధ్యలో ఒక రకం ఉంది. లింక్ డైనమిక్‌గానే పడుతుంది, కానీ హోస్ట్ మీ ప్లగిన్‌లోని ఒకే ఒక్క ప్రధాన ఫంక్షన్‌ని కొన్ని ఆప్షన్లతో పిలిచి, అది ముగిసేదాకా ఆగుతుంది. ఇది గట్టు మీద ఉన్న కేసు అని ఫౌండేషనే ఒప్పుకుంటుంది. ఈ గట్టు మీద వ్యాపారం కట్టకండి.

రెండు హోస్టులను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. గింప్‌లో ఒక ప్లగిన్ నడిపి, అదే సమయంలో మీ సిస్టమ్‌లో ప్రాసెస్‌ల జాబితా తెరిచి చూడండి. ఆ ప్లగిన్ విడిగా, తన సొంత ప్రాసెస్‌గా కనబడుతుంది. అది కూలిపోయినా ‘ప్లగిన్ క్రాష్ అయింది’ అని గింప్ మెసేజ్ ఇస్తుంది తప్ప తను పడిపోదు. పైగా గింప్ జీపీఎల్ 3 అయినా, ప్లగిన్లు లింక్ అయ్యే లిబ్‌గింప్ లైబ్రరీని ఎల్‌జీపీఎల్‌లో (వేరే లైసెన్స్‌ల ప్రోగ్రాములనూ లింక్ అవ్వనిచ్చే, కాస్త సడలించిన జీపీఎల్) పెట్టారు. అంటే ఇతర లైసెన్స్‌ల ప్లగిన్లకు తలుపు కావాలనే తెరిచి ఉంచారు. అదే బ్లెండర్ యాడాన్ అయితే బ్లెండర్ లోపలే ఉన్న పైథాన్‌లో నడుస్తుంది, బీపీవై మాడ్యూల్ ద్వారా బ్లెండర్ సొంత డేటాని నేరుగా తాకుతుంది. అందుకే ఆ ఏపీఐ వాడే స్క్రిప్టులను పంచేటప్పుడు జీపీఎల్‌కి తగిన లైసెన్స్‌లోనే పంచాలని బ్లెండర్ వాళ్లు స్పష్టంగా చెబుతారు. బ్లెండర్‌తో మీరు చేసిన బొమ్మలు, సినిమాలు, డేటా ఫైళ్లు మాత్రం పూర్తిగా మీవే.

‘నాది వట్టి స్క్రిప్టే కదా’ అనుకునేవాళ్లు ఆ ఉదాహరణను ఇంకోసారి చదవాలి. ఇంటర్‌ప్రెటర్ జీపీఎల్ అయినంత మాత్రాన దానిమీద నడిచే స్క్రిప్టు జీపీఎల్ అవ్వక్కర్లేదు, అది నిజమే. కానీ ఆ ఇంటర్‌ప్రెటర్ ద్వారా హోస్ట్ లోపలి లైబ్రరీలను పిలవడం మొదలుపెట్టాక, స్క్రిప్టు వాటితో లింక్ అయినట్టే లెక్క.

కొన్ని హోస్టులు ఈ ప్రశ్నను కోడ్‌లోనే అడుగుతాయి. జీసీసీ కంపైలర్‌కి చాలా ఏళ్లపాటు ప్లగిన్ సదుపాయమే ఇవ్వలేదు. ఇస్తే మూసిపెట్టిన (సోర్స్ ఇవ్వని) ప్లగిన్లతో దాని స్వేచ్ఛని దాటేస్తారన్న భయం అందుకు ఒక పెద్ద కారణం. 2009లో రన్‌టైమ్ లైబ్రరీ మినహాయింపును (జీసీసీతో తయారైన ప్రోగ్రాముల్లో కలిసే దాని లైబ్రరీలకు ఇచ్చిన సడలింపు) సవరించి ఆ కన్నం పూడ్చాకే, 2010లో వచ్చిన 4.5 వెర్షన్‌లో ప్లగిన్లకు చోటిచ్చారు. ‘ఈ ప్లగిన్ జీపీఎల్‌కి తగినదే’ అని చాటే ఒక సింబల్ మీ కోడ్‌లో ఉండాలి. లేకపోతే జీసీసీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 2016లో ఈమాక్స్ ఎడిటర్ 25వ వెర్షన్‌తో డైనమిక్ మాడ్యూళ్లు వచ్చినప్పుడు కూడా అదే సింబల్ అడిగారు. లినక్స్ కెర్నెల్ అయితే కొన్ని ఫంక్షన్లను జీపీఎల్ మాడ్యూళ్లకే అందనిస్తుంది. మూసిన మాడ్యూల్ లోడ్ చేస్తే కెర్నెల్‌కి ‘టెయింటెడ్’ (మకిలి పడింది) అన్న గుర్తు పడుతుంది, ఆ తర్వాత బగ్ రిపోర్ట్ పంపితే కెర్నెల్ డెవలపర్లు సాధారణంగా పట్టించుకోరు. ఈ సింబల్, ఈ ప్రకటన ఉత్త లాంఛనం అనుకుని అబద్ధం రాయకండి. నమ్మి కోడ్ ఇచ్చినవాళ్లకు మీరు ఇస్తున్న మాట అది.

నాలుగో మెట్టు: మీ ప్లగిన్‌కి లైసెన్స్ ఎంచుకోండి

అతుకు గట్టిదని తేలితే మీ ప్లగిన్ ‘జీపీఎల్‌కి తగిన’ లైసెన్స్‌లో ఉండాలి. అంటే జీపీఎలే అయి తీరాలని కాదు. ఎంఐటీ పెట్టొచ్చు, మూడు క్లాజుల బీఎస్‌డీ పెట్టొచ్చు. అప్పుడు మీ ఫైళ్లు ఎంఐటీ కిందే ఉంటాయి, వాటిని విడిగా తీసుకుని ఎవరైనా ఎంఐటీ ప్రకారం వాడుకోవచ్చు. హోస్ట్‌తో కలిసిన మొత్తం ప్యాకేజీ మాత్రం జీపీఎల్ షరతుల మీద పంచాలి. నా సలహా: గట్టి కారణం లేకపోతే హోస్ట్ ఏ లైసెన్స్, ఏ వెర్షన్ పెట్టిందో అదే పెట్టండి. రేపు మీ ప్లగిన్‌లో మంచి ముక్క ఏదైనా ఉంటే హోస్ట్ వాళ్లు నేరుగా తీసుకోగలుగుతారు, మీరూ హోస్ట్ కోడ్‌ని జంకు లేకుండా వాడుకోగలుగుతారు.

డబ్బు గురించిన టెన్షన్ చాలామందికి ఉంటుంది. జీపీఎల్ ప్లగిన్‌ని అమ్ముకోవచ్చు, ఎంతకైనా అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లు దాన్ని మళ్లీ పంచకుండా, మార్చకుండా ఆపడం మాత్రమే కుదరదు. వర్డ్‌ప్రెస్ చుట్టూ ప్రీమియం ప్లగిన్ల వ్యాపారం నడుస్తోందంటే అప్‌డేట్లు, సపోర్ట్ అమ్ముకుంటున్నారు కాబట్టే.

ఒక ప్యాకేజీలో అన్నీ ఒకే లెక్కన ఉండవని కూడా గుర్తుంచుకోండి. 2009లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి న్యాయ సాయం చేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ వర్డ్‌ప్రెస్ థీమ్‌ల గురించి ఒక అభిప్రాయం ఇచ్చింది: పీహెచ్‌పీ కోడ్ వర్డ్‌ప్రెస్ నుంచి పుట్టిన రచన కాబట్టి జీపీఎల్ కిందికి వస్తుంది, బొమ్మలు, సీఎస్ఎస్ రావక్కర్లేదు. దాన్ని పట్టుకుని కొందరు కోడ్ ఒక లైసెన్స్‌లో, బొమ్మలు ఇంకో లైసెన్స్‌లో పెట్టి అమ్ముతున్నారు. చట్టం మాట అలా ఉన్నా, వర్డ్‌ప్రెస్ సొంత ప్లగిన్ డైరెక్టరీలో చోటు కావాలంటే బొమ్మలతో సహా అన్నీ జీపీఎల్‌కి తగినవే అయ్యుండాలి. లైసెన్స్ షరతులు వేరు, డైరెక్టరీ నియమాలు వేరు. రెండూ చదవండి.

ఐదో మెట్టు: లోపల పెట్టిన లైబ్రరీలను లెక్కపెట్టండి

మీరు రాయని ప్రతి ఫైల్‌నీ ఒక కాగితం మీద రాసుకుని, పక్కన లైసెన్స్ రాయండి. ‘వ్యాపారానికి వాడకూడదు’ అన్న షరతు ఉంటే జీపీఎల్‌తో కలవదు. సీడీడీఎల్ అనే లైసెన్స్ కలవదు. ప్రకటనల క్లాజు ఉన్న పాత నాలుగు క్లాజుల బీఎస్‌డీ కలవదు. లైసెన్స్ ఫైలే లేకపోతే, అందరికీ కనబడే చోట ఉన్నా సరే, మీకు ఏ అనుమతీ లేదన్నమాట. రాసినవాళ్లను అడగండి లేదా వేరేది వెతకండి.

ఆరో మెట్టు: ఒక వైపు మూసిన కోడ్ తప్పనిసరైతే

హోస్ట్ జీపీఎల్, మీ చేతిలో ఉన్న ఇంజిన్ సోర్స్ ఇవ్వలేనిది అనుకుందాం. మళ్లీ బ్లెండర్‌నే తీసుకుంటే, బయటి రెండర్ ఇంజిన్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పనిని రెండు ముక్కలు చేస్తారు. బ్లెండర్ లోపల నడిచే యాడాన్ జీపీఎల్‌లో ఉంటుంది, దాని పని సీన్‌ని ఒక ఫైల్‌గా రాసి ఇవ్వడం. ఇంజిన్ బ్లెండర్ బయట సొంత ప్రోగ్రామ్‌గా ఉండి, ఆ ఫైల్ చదివి, బొమ్మ తయారుచేసి తిరిగి ఇస్తుంది. బయటి ప్రోగ్రామ్‌కి ఏ లైసెన్స్ అయినా పెట్టుకోవచ్చు.

ఈ విభజన నిజమైనదై ఉండాలి. నేను చూసే గుర్తు ఒకటి: ఆ ఫైల్ ఫార్మాట్ ఏమిటో బయట పెట్టి, ఇంకో హోస్ట్ కూడా అదే ఇంజిన్‌ని వాడుకోగలదా? వాడుకోగలిగితే అది విడి ప్రోగ్రామ్ అని ధైర్యంగా చెప్పొచ్చు. హోస్ట్ మెమరీని పంచుకుంటూ, హోస్ట్ లోపలి స్ట్రక్చర్లు తెలిస్తే తప్ప అడుగు వేయలేని ‘బయటి’ ప్రోగ్రామ్ అయితే, మధ్యలో పెట్టిన పలచటి జీపీఎల్ పొర దాన్ని కాపాడదు.

ఇప్పుడు తిరగేసి చూడండి: హోస్ట్ మూసిన ప్రోగ్రామ్, మీ ప్లగిన్‌ని జీపీఎల్‌లో పెట్టాలని ఉంది. ప్లగిన్ కోడ్ మొత్తం మీదే అయితే, ‘ఫలానా ప్రోగ్రామ్‌తో కలిపి వాడుకోవచ్చు, పంచుకోవచ్చు’ అని అదనపు అనుమతి జోడించండి. జీపీఎల్ 3లో 7వ సెక్షన్ ఉన్నది ఇలాంటి వాటికే. వేరేవాళ్ల జీపీఎల్ కోడ్ ఒక్క ఫైల్ కలిసినా ఆ అనుమతి మీ ఒక్కరి చేతిలో ఉండదు, వాళ్లందరూ ఒప్పుకోవాలి.

హోస్ట్ రాసేది మీరే అయితే

ప్లగిన్లు రాసేవాళ్లను ఊహల మీద వదిలేయకండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్లగిన్లే రావాలనుకుంటే జీపీఎల్ పెట్టి, ప్లగిన్లు ఒకే ప్రోగ్రామ్‌లో భాగమని మీరు భావిస్తున్నట్టు ఒక వాక్యం రాయండి. ఏవైనా రావచ్చనుకుంటే మినహాయింపు రాయండి, లేదా ప్లగిన్లు తాకే భాగాన్ని ఎల్‌జీపీఎల్‌లో పెట్టండి. ఈ నిర్ణయం మొదటి బయటి కాంట్రిబ్యూటర్ రాకముందే జరగాలి. వీఎల్‌సీ మీడియా ప్లేయర్ వాళ్లు తమ కోర్‌నీ, తర్వాత చాలా మాడ్యూళ్లనూ జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కి మార్చుకోవడానికి, ఏళ్ల తరబడి కోడ్ ఇచ్చినవాళ్లను వెతికి పట్టుకుని ఒప్పించాల్సి వచ్చింది. ఆ పని 2011, 2012ల్లో జరిగింది. ఒక పేరా ముందే రాసుకుంటే అంత శ్రమ తప్పుతుంది.

చివరి పనులు: రాయడం, పంచడం

లైసెన్స్ పాఠం మొత్తాన్ని ఒక ఫైల్‌గా ప్యాకేజీలో పెట్టండి. ప్రతి సోర్స్ ఫైల్ పైన కాపీరైట్ ఎవరిది, ఏ సంవత్సరం, ఆ కింద ఎస్‌పీడీఎక్స్ గుర్తు (లైసెన్స్ పేరుకు వాడే ప్రామాణిక పొట్టి రూపం) ఒక లైను రాయండి. ఆ గుర్తులో ‘2.0 మాత్రమే’, ‘2.0 లేదా ఆ తర్వాత’ అన్న వాటికి వేర్వేరు పేర్లున్నాయి, తారుమారు చేయకండి. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ అయితే ప్రధాన ఫైల్ తలభాగంలో లైసెన్స్ పేరుకో లైను, దాని చిరునామాకో లైను ఉంటాయి. రీడ్‌మీ ఫైల్‌లోనూ అదే రాయాలి. రెండు చోట్లా వేర్వేరు వెర్షన్లు రాస్తే చదివేవాళ్లు దేన్ని నమ్మాలి?

బైనరీ పంచితే సోర్స్ కూడా అందాలి. అన్నిటికన్నా తేలిక రెండూ ఒకే చోట, ఒకేసారి పెట్టేయడం. జీపీఎల్ 2 కింద సోర్స్ తర్వాత ఇస్తామని రాతపూర్వకంగా మాటిస్తే, ఆ మాట కనీసం 3 ఏళ్లు నిలబెట్టుకోవాలి. జావాస్క్రిప్ట్ ప్లగిన్లు రాసేవాళ్లు ఇంకో సంగతి పట్టించుకోవాలి: ఖాళీలు తీసేసి, పేర్లు కుదించిన మినిఫైడ్ ఫైల్ సోర్స్ అనిపించుకోదు. మార్పులు చేయడానికి మీరు ఏ ఫైల్ తెరుస్తారో అదే సోర్స్.

మీ ప్లగిన్‌లో లైసెన్స్ ఉల్లంఘన ఉందని హోస్ట్ వాళ్లెవరైనా రాస్తే అదే రోజు జవాబివ్వండి. జీపీఎల్ 2లో ఉల్లంఘిస్తే హక్కులు వాటంతటవే రద్దవుతాయి. జీపీఎల్ 3లో మొదటిసారి నోటీసు అందుకున్నవాళ్లు 30 రోజుల్లోపు సరిచేసుకుంటే ఆ హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. చాలావరకు అడిగేది సోర్స్, నోటీసు సరిగ్గా పెట్టమనే. తప్పున్న వెర్షన్‌ని డౌన్‌లోడ్ నుంచి తీసేసి, సరిచేసింది పెట్టి, ఏం మార్చారో వాళ్లకు రాయండి. డబ్బు, కాంట్రాక్టులు ముడిపడి ఉన్న వ్యవహారమైతే ఆ జవాబు పంపేముందు కాపీరైట్ తెలిసిన లాయర్‌కి చూపించండి.